కణద్వారాలకు కావలి

ఉద్దేశం

అనేక గృహాలలో పెద్దలు ప్రతిదినమూ వేసుకునే రక్తపోటు మాత్ర శరీరంలో ఏ విధంగా పనిచేస్తుందో, దానిని సొంత నిర్ణయంతో ఎందుకు మానరాదో తెలియజేయడం, శాస్త్ర విషయాన్ని తెలుగులో చదివి తెలుగులో వివరించగల సామర్థ్యాన్ని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వ్యాధి అనగానే బాధ గుర్తుకు వస్తుంది. జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. పంటినొప్పి వస్తే కంటికి నిద్ర ఉండదు. బాధ ఉన్నంతకాలం మందు వాడడం, బాధ తీరగానే మానివేయడం తరతరాలుగా మనుషులకు అలవాటైన పద్ధతి. అధిక రక్తపోటు విషయంలో ఈ పద్ధతి పనికిరాదు. ఈ వ్యాధి చాలామందిలో ఏ లక్షణమూ చూపదు. తలనొప్పి లేదు, కళ్లు తిరగడం లేదు, ఆకలి తగ్గదు. లోపల మాత్రం రక్తనాళాలు, గుండె, మెదడు, మూత్రపిండాలు ఏళ్ల తరబడి దెబ్బతింటూ ఉంటాయి. ఒకనాడు పక్షవాతమో, గుండెపోటో వచ్చిన తరువాతగాని ఇంటిల్లిపాదికీ సంగతి తెలియదు. అందుచేత బాధ చేయించవలసిన పనిని ఇక్కడ అవగాహన చేయించాలి. మాత్ర ఏమి చేస్తున్నదో తెలిసినవాడే దానిని విడువకుండా వేసుకోగలడు.

1. రక్తపోటు అంటే ఏమిటి?

గుండె సంకోచించినప్పుడు రక్తం ధమనులలోనికి వేగంగా ప్రవేశించి వాటి గోడలను ఒత్తుతుంది. ఆ ఒత్తిడిని సంకోచ పీడనం అంటారు. గుండె వ్యాకోచించి విశ్రమించే క్షణంలో కూడా ధమనులలో కొంత ఒత్తిడి నిలిచి ఉంటుంది. అది వ్యాకోచ పీడనం. వైద్యుడు 120/80 అని వ్రాసినప్పుడు మొదటి సంఖ్య సంకోచ పీడనాన్ని, రెండవది వ్యాకోచ పీడనాన్ని తెలుపుతాయి. వీటిని పాదరసమట్టపు మిల్లీమీటర్లలో కొలుస్తారు. వేరువేరు రోజులలో వైద్యశాలలో పరీక్షించినప్పుడు మొదటి సంఖ్య 140 గాని, రెండవది 90 గాని, అంతకు మించిగాని ఉంటే దానిని అధిక రక్తపోటుగా సాధారణంగా పరిగణిస్తారు. పరుగెత్తుకుంటూ వచ్చి కూర్చున్న వ్యక్తికి వెంటనే కొలిచిన కొలత నమ్మదగినది కాదు. కనీసం ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్న తరువాత, చేయి గుండె ఎత్తున ఆనించి ఉంచి కొలవాలి.

2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 సంవత్సరాలు నిండిన పురుషులలో 24 శాతం, స్త్రీలలో 21 శాతం మంది రక్తపోటు అధికంగా ఉన్నవారో, దానికి మందు వాడుతున్నవారో. అనగా ఈ వ్యాధి ధనికులదో, నగరవాసులదో, వృద్ధులదో మాత్రమే కాదు. ప్రతి వీథిలోనూ ఉన్నది.

2. మందు లేని రోజులు

రక్తపోటును కొలవడం నేర్చిన చాలాకాలం వరకు దానిని తగ్గించడం మానవునికి తెలియలేదు. ఇటలీ వైద్యుడు రివా–రోచ్చి 1896లో చేతికి పట్టీ చుట్టి కొలిచే పరికరాన్ని రూపొందించాడు. రష్యా వైద్యుడు కొరోట్కోవ్ 1905లో స్టెతస్కోపుతో నాడీధ్వనులను విని రెండు పీడనాలనూ గుర్తించే పద్ధతిని తెలిపాడు. కొలత వచ్చింది గాని చికిత్స రాలేదు. అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావం వల్ల మరణించాడు. ఆనాడు ఆయన రక్తపోటు 300/190గా నమోదయింది. ఒక మహారాజ్యాధిపతికి కూడా, ఉప్పు తగ్గించి విశ్రాంతి తీసుకోమనడం వంటి సలహాలను మించి రక్తపోటును అదుపు చేసే సరైన మందును ఇవ్వలేని కాలమది. నేడు గ్రామంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో లభించే మాత్రకు ఎంత విలువ ఉన్నదో ఈ సంఘటన తెలుపుతుంది.

చికిత్సాన్వేషణలో భారతదేశానికి కూడా పాత్ర ఉన్నది. మన దేశీయ వైద్యంలో ఎంతోకాలంగా వాడుకలో ఉన్న సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో ‘బ్రిటిష్ హార్ట్ జర్నల్’లో ప్రకటించాడు. 1952లో ఆ వేరు నుండి రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. కాలక్రమంలో మరింత అనువైన మందులు రావడంతో దాని వాడకం తగ్గింది. అట్లా వచ్చిన మందులలో ‘కాల్షియం ఛానల్ బ్లాకర్లు’ ఒక ముఖ్యమైన వర్గం. ఆమ్లోడిపిన్ ఆ వర్గానికి చెందినదే.

3. కుళాయి నీరు చెప్పిన రహస్యం

ఈ మందుల కథకు మొదలు ఒక కప్ప గుండె. లండన్ నగరంలో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు 1880ల తొలి సంవత్సరాలలో కప్ప గుండెను శరీరం నుండి వేరుచేసి, ఉప్పునీటి ద్రావణంలో అది ఎంతసేపు కొట్టుకుంటుందో పరిశీలించాడు. ఒక ద్రావణంలో గుండె చాలాసేపు చక్కగా కొట్టుకున్నది. స్వేదనజలంతో అదే ద్రావణం తయారు చేయించినప్పుడు కొద్దిసేపటికే ఆగిపోయింది. విచారించగా, మొదటి ద్రావణాన్ని కుళాయి నీటితో తయారు చేసినట్లు తేలింది. కుళాయి నీటిలో ఉండి స్వేదనజలంలో లేనిది ఏది? అది కాల్షియం. స్వేదనజలపు ద్రావణానికి కొద్దిగా కాల్షియం చేర్చగా గుండె తిరిగి చక్కగా కొట్టుకున్నది. కండరం సంకోచించడానికి కాల్షియం అవసరమనే సత్యాన్ని రింగర్ 1883లో లోకానికి తెలిపాడు.

సుమారు ఎనిమిది దశాబ్దాల తరువాత జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో ఆల్బ్రెక్ట్ ఫ్లెకెన్‌స్టయిన్ అనే శాస్త్రవేత్త మరొక వింతను గమనించాడు. వెరాపమిల్ వంటి కొన్ని మందులు ఇచ్చినప్పుడు గుండె కండరం, కాల్షియం అందని కండరం వలెనే ప్రవర్తించింది. ద్రావణంలో కాల్షియం ఉన్నది. అయినా అది కండరానికి అందడం లేదు. మందు కాల్షియానికి దారి ఇవ్వడం లేదని 1960లలో ఆయన గ్రహించి, ఇట్టి మందులకు ‘కాల్షియం విరోధులు’ అని పేరు పెట్టాడు.

4. తూము, అడ్డుపలక

కాల్షియం విరోధి రక్తపోటును ఎట్లా తగ్గిస్తుంది? చెరువు తూమును తలచుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. కట్టకు ఒకవైపు నిండు చెరువు, మరొకవైపు వరిమడి. తూము తలుపు ఎత్తితే నీరు మడిలోనికి వస్తుంది. దించితే ఆగుతుంది. కండర కణానికి వెలుపల ఉండే కాల్షియం గాఢత, లోపలి దానికంటే సుమారు 10,000 రెట్లు అధికం. కణం చుట్టూ ఉన్న పలుచని పొర చెరువుకట్ట వంటిది. ఆ పొరలోని సూక్ష్మద్వారాలు తూముల వంటివి. వీటినే కాల్షియం ఛానళ్లు అంటారు.

ధమనుల గోడలలో నునుపు కండరాలు ఉంటాయి. సంకేతం అందగానే వాటి కణద్వారాలు తెరచుకొని కాల్షియం లోనికి ప్రవేశిస్తుంది. కండరం బిగుసుకుంటుంది. ధమని ఇరుకవుతుంది. ఇరుకు గొట్టంలో నీరు పారించాలంటే బలంగా నెట్టవలసి వచ్చినట్లే, ఇరుకు ధమనులలో రక్తాన్ని నెట్టడానికి గుండె అధికంగా శ్రమిస్తుంది. రక్తపోటు పెరుగుతుంది. ఆమ్లోడిపిన్ ఆ ద్వారాలలో కొన్నింటికి అడ్డుపలకగా నిలుస్తుంది. లోనికి వెళ్లే కాల్షియం తగ్గుతుంది. కండరం సడలుతుంది. ధమని విప్పారుతుంది. రక్తపోటు దిగుతుంది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. కండరాలు సడలితే కాళ్లుచేతులు బలహీనపడవా? పడవు. కాళ్లుచేతులను కదిలించే కండరాలు సంకోచించడానికి తమ కణాలలోనే నిలువ ఉన్న కాల్షియాన్ని వినియోగించుకుంటాయి. ధమనుల గోడలలోని కండరాలు వెలుపలి నుండి వచ్చే కాల్షియంపై ఎక్కువగా ఆధారపడతాయి. అందుచేత మందు ప్రభావం ప్రధానంగా ధమనులపైనే ఉంటుంది. అయితే ఈ వర్గంలోని మందులన్నీ ఒకే విధమైనవి కావు. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ ముఖ్యంగా రక్తనాళాలపై పనిచేస్తాయి. వెరాపమిల్, డిల్టియాజెమ్ గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి. ఒకరి మాత్రను మరొకరు వేసుకోరాదనడానికి ఇది ఒక కారణం.

5. పేరు కలిగించే అపోహ

‘కాల్షియాన్ని అడ్డుకునే మందు’ అన్న మాట విని, ఎముకలు గుల్లబారుతాయేమోనని భయపడేవారు ఉన్నారు. పాలు, పెరుగు తీసుకుంటే మాత్ర పనిచేయదేమోనని మానివేసేవారూ ఉన్నారు. రెండూ అపోహలే. ఈ మందు ఎముకలలోని కాల్షియాన్ని తీసివేయదు. తిన్న ఆహారంలోని కాల్షియం రక్తంలో చేరడానికి అడ్డురాదు. అది అడ్డుకొనేది కణద్వారం వద్ద కాల్షియం ప్రవేశాన్ని మాత్రమే. కావలివాడు వాకిట నిలిచినంత మాత్రాన ఊరి ధాన్యం తరిగిపోదు. పేరులోని ఒక పదాన్ని పట్టుకొని అర్థం ఊహించడం కంటే, ఆ పదం దేనికి విశేషణమో తెలుసుకోవడం మేలు. ఇక్కడ ‘కాల్షియం’ అన్నది ‘ద్వారానికి’ విశేషణం.

6. వేగం కంటే నిలకడ మేలు

ఈ వర్గంలో తొలినాళ్లలో ప్రసిద్ధి పొందిన నిఫెడిపిన్ గొట్టపు మాత్రలు అతివేగంగా పనిచేసేవి. అత్యవసర స్థితిలో దానిని నాలుక కింద వేసే అలవాటు ఒకప్పుడు ఉండేది. రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి, మెదడుకు, గుండెకు రక్తం చాలక కొందరికి ప్రాణాపాయం కలిగినట్లు గుర్తించడంతో ఆ పద్ధతిని విడిచిపెట్టారు. ఎత్తు నుండి దిగవలసినవాడు మెట్లు దిగాలి గాని దూకరాదు. తరువాత నెమ్మదిగా విడుదలయ్యే నిఫెడిపిన్ మాత్రలు వచ్చాయి.

ఆమ్లోడిపిన్ స్వభావం చేతనే నెమ్మది అయినది. ఇంగ్లాండులోని శాండ్‌విచ్ పట్టణంలో ఫైజర్ సంస్థ పరిశోధనశాలలో రూపొందిన ఈ మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1992లో ఆమోదం తెలిపింది. వేసుకున్న 6 నుండి 12 గంటల తరువాతగాని రక్తంలో దాని పరిమాణం గరిష్ఠస్థాయికి చేరదు. ఆ పరిమాణం సగానికి తగ్గడానికి 30 నుండి 50 గంటలు పడుతుంది. రోజుకు ఒక్క మాత్ర చాలడానికి కారణం ఇదే. ప్రతిదినమూ వేసుకుంటూ ఉంటే వారం, పది రోజులకు రక్తంలో ఒక నిలకడైన స్థాయి ఏర్పడుతుంది. కాబట్టి మొదటిరోజు మాత్ర వేసుకొని, మరునాడు రక్తపోటు తగ్గలేదని నిరాశపడడం తగదు.

7. వాడేవారు గమనించవలసినవి

ఆమ్లోడిపిన్ సాధారణంగా 2.5, 5, 10 మిల్లీగ్రాముల మాత్రలుగా లభిస్తుంది. ఎవరికి ఎంత అవసరమో వైద్యుడే నిర్ణయించాలి. వృద్ధులకు, కాలేయవ్యాధి ఉన్నవారికి తక్కువ మోతాదుతో ప్రారంభిస్తారు. భోజనానికి ముందైనా, తరువాతనైనా వేసుకోవచ్చు. ప్రతిదినమూ ఒకే వేళకు వేసుకోవడం మంచిది. మరచిపోతే గుర్తు వచ్చిన వెంటనే ఆనాడే వేసుకోవాలి. మరునాటి వేళ దగ్గరపడితే పాత మాత్రను విడిచిపెట్టాలి. రెండింటినీ కలిపి వేసుకోరాదు.

కొందరిలో మడమల వద్ద వాపు, తలనొప్పి, ముఖం వేడెక్కడం, గుండెదడ కనిపిస్తాయి. మడమల వాపు మోతాదు పెరిగినకొద్దీ ఎక్కువమందిలో కనిపిస్తుంది. దీనికి కారణం మందు పనిచేసే తీరులోనే ఉన్నది. చిన్న ధమనులు విప్పారినంతగా సిరలు విప్పారవు. వచ్చే దారి వెడల్పయి, పోయే దారి అట్లాగే ఉండడం చేత, కేశనాళికలలో ఒత్తిడి పెరిగి కొంత ద్రవం పక్కనున్న కణజాలంలోనికి ఊరుతుంది. అది కాళ్ల కిందిభాగానికి చేరుతుంది. అన్ని వాపులకూ ఇదే కారణమని అనుకోరాదు. గుండె, మూత్రపిండాల వ్యాధులలోనూ కాళ్లు వాస్తాయి. అందుచేత వాపు కనిపిస్తే వైద్యునికి చెప్పాలి. ఆయన మోతాదు తగ్గించవచ్చు, మరొక మందును జతచేయవచ్చు, లేదా మందునే మార్చవచ్చు. అరుదుగా చిగుళ్లు పెరగడం కూడా జరుగుతుంది. కళ్లు చీకట్లు కమ్మి పడిపోవడం, ఛాతీనొప్పి, ఊపిరి అందకపోవడం వంటివి కలిగితే వెంటనే ఆసుపత్రికి చేరాలి.

వాడుతున్న ఇతర మందులన్నింటినీ వైద్యునికి చూపడం అవసరం. కొలెస్టరాల్‌కు ఇచ్చే సిమ్వాస్టాటిన్‌ను ఆమ్లోడిపిన్‌తో కలిపి వాడేటప్పుడు రోజుకు 20 మిల్లీగ్రాములు మించరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2011లో సూచించింది. క్లారిత్రోమైసిన్ అనే సూక్ష్మజీవనాశక ఔషధం, రక్తంలో ఆమ్లోడిపిన్ పరిమాణాన్ని పెంచి రక్తపోటును అతిగా తగ్గించవచ్చు. గర్భిణులు, గర్భం దాల్చదలచినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

మాత్ర ఉన్నదికదా అని నియమాలను విడువరాదు. పెద్దలు రోజుకు 5 గ్రాముల కంటే తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఊరగాయ, అప్పడం, వడియం, ఊరమిరపకాయ లేనిదే ముద్ద దిగదనుకునే తెలుగువారికి ఈ సూచన మరింత అవసరం. నడక, బరువు తగ్గడం, పొగాకును, మద్యాన్ని విడవడం మాత్రకు తోడ్పడతాయి.

8. నిత్యౌషధం

మాత్ర వేసుకుంటున్న వ్యక్తి రక్తపోటు 130/80 ఉన్నదనుకుందాం. ‘తగ్గిపోయింది కదా, ఇంకా మందెందుకు?’ అని ఆయన మానివేస్తాడు. కొన్నాళ్లు ఏమీ జరగదు. మందు మానినా మునుపటి వలెనే ఉన్నానని ఆయన సంతోషిస్తాడు. కాని అడ్డుపలక తీసిన తూము తిరిగి పారుతున్నది. ధమనులు తిరిగి బిగుస్తున్నాయి. 130/80 అన్న కొలత వ్యాధి పోయిందనడానికి సాక్ష్యం కాదు. మందు పనిచేస్తున్నదనడానికి సాక్ష్యం. కావలివాడు ఉన్నందువల్ల దొంగతనం జరగలేదు. దొంగతనం జరగలేదు కాబట్టి కావలివాడు అక్కరలేదనడం వివేకం కాదు. బరువు, ఉప్పు తగ్గించుకున్నవారికి వైద్యుడు మోతాదు తగ్గించిన సందర్భాలు లేకపోలేదు. ఆ నిర్ణయం కొలతలను చూచి వైద్యుడు చేయవలసినదే.

ఈ నిలకడకు దక్కే ఫలం చిన్నది కాదు. అనేక పరిశోధనల ఫలితాలను క్రోడీకరించి 2016లో ‘లాన్సెట్’ పత్రిక ప్రకటించిన విశ్లేషణ ప్రకారం, సంకోచ పీడనాన్ని 10 మిల్లీమీటర్లు తగ్గించినందువల్ల పక్షవాతం ముప్పు సుమారు 27 శాతం, మరణాల ముప్పు సుమారు 13 శాతం తగ్గాయి. ఈ ఫలితం ఏ ఒక్క మందుకో పరిమితం కాదు. ఎవరికి ఏ మందు తగినదో వయసును, ఇతర వ్యాధులను బట్టి నిర్ణయిస్తారు. 33,000 మందికి పైగా పాల్గొన్న ‘ఆల్‌హ్యాట్’ అనే పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. గుండెపోటును నివారించడంలో ఆమ్లోడిపిన్, మూత్రాన్ని ఎక్కువ చేసే క్లోర్‌థాలిడోన్‌తో సమానమని తేలింది. గుండె వైఫల్యాన్ని నివారించడంలో మాత్రం క్లోర్‌థాలిడోన్ మెరుగని తేలింది. ప్రతి మందుకూ బలమూ ఉన్నది, పరిమితీ ఉన్నది.

2017లో ప్రారంభమైన భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని తొలివిడతలో చేపట్టిన ఐదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో రక్తపోటును కొలవడం, నిర్ణీత క్రమంలో మందులివ్వడం, తిరిగి రానివారిని గుర్తించి పిలిపించడం ఈ కార్యక్రమంలోని ముఖ్యాంశాలు. మందు ఇవ్వడంతో పని ముగియదనీ, మానినవారిని వెదకి తిరిగి రప్పించడం కూడా చికిత్సలో భాగమేననీ ఇది తెలుపుతున్నది.

ఆ పని ప్రతి ఇంటిలోనూ జరగవలసి ఉన్నది. మాత్రల అట్టమీద ఉన్న చిన్న అక్షరాలు తాతలకు, అవ్వలకు కనబడవు. కనబడినా ఆ భాష వారిది కాదు. చదువుకున్న మనుమడో మనుమరాలో మందు పేరు, మోతాదు, గడువుతేదీ చదివి చెప్పాలి. మాత్రలు అయిపోకముందే తెప్పించాలి. ‘నాకేమీ బాధ లేదు’ అని పెద్దలు మందు పక్కకు పెట్టినప్పుడు, తూమునూ అడ్డుపలకనూ తెలుగులో విప్పి చెప్పి ఒప్పించాలి. శాస్త్రం పుస్తకంలో ఉన్నంతకాలం అది విద్య. ఇంటివారి మాటలో పలికినప్పుడు అది ఆయువును నిలుపుతుంది.

కఠినపదాలకు అర్థాలు

ధమని = గుండె నుండి రక్తాన్ని తీసుకుపోయే నాళం
సిర = గుండెకు రక్తాన్ని తిరిగి చేర్చే నాళం
కేశనాళిక = వెంట్రుక వలె అతి సన్నని రక్తనాళం
సంకోచం = ముడుచుకోవడం
వ్యాకోచం = విప్పారడం
స్వేదనజలం = మరిగించి, ఆవిరిని చల్లార్చి శుద్ధి చేసిన నీరు
క్రోడీకరించు = ఒకచోట చేర్చు
కావలి = కాపలా

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. ఆమ్లోడిపిన్ రక్తపోటును తగ్గించే విధానాన్ని తూము ఉపమానంతో వివరించండి.
2. రక్తపోటు మాత్రను సొంత నిర్ణయంతో ఎందుకు మానరాదో పాఠం ఆధారంగా వ్రాయండి.

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. సిడ్నీ రింగర్ ప్రయోగాన్ని వివరించండి.
2. ఈ మందు విషయంలో ‘కాల్షియం’ అన్న పదం కలిగించే అపోహలేవి? అవి ఎందుకు సరికావు?
3. మడమల వద్ద వాపు ఎందుకు వస్తుంది? అప్పుడు ఏమి చేయాలి?

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. సర్పగంధను గురించి 1949లో పరిశోధన ప్రకటించిన భారతీయ వైద్యుడెవరు?
2. రోజుకు ఒక్క ఆమ్లోడిపిన్ మాత్ర ఎందుకు చాలుతుంది?
3. పెద్దలు రోజుకు ఎంత ఉప్పుకు లోబడి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది?

IV. కింది పదాలను విడదీసి, సంధి పేరు వ్రాయండి
నిత్యౌషధం, ప్రాణాపాయం, అత్యవసరం

V. కింది పదాలకు విగ్రహవాక్యం వ్రాసి, సమాసం పేరు తెలపండి
కణద్వారం, కాళ్లుచేతులు

VI. భాషాకార్యం
మీ ఇంటిలోగాని, పొరుగింటిలోగాని రక్తపోటు మాత్ర వాడుతున్న పెద్దవారికి ఈ పాఠంలోని విషయాన్ని వివరిస్తున్నట్లు పది వాక్యాల సంభాషణ వ్రాయండి.